తలుపుకు కట్టిన పలుపు

మందలపల్లె బడికి గోడలు లేవు. గోడలు లేవు గనక గొడవలూ లేవు. తనకల్లుకు పోయే బాట పక్కన, గొర్రెల దొడ్డికి ఇవతల ఒక బోదగడ్డి కొట్టం. దాని కింద యేసన్న అయ్యవారు, ఆయన ముందు పిల్లలు, పిల్లల వెనక నల్లమ్మ. చలికాలం వచ్చిందంటే అందరి మీదా కంబళ్ళే. దూరం నుంచి చూసేవాడికి మంద ఎక్కడ అయిపోయిందో, బడి ఎక్కడ మొదలయ్యిందో తెలిసేది కాదు. దగ్గరికొచ్చి చెవి ఒగ్గితే ఒక పక్క ‘మే’ అని, ఇంకో పక్క ‘మ, మా, మి, మీ’ అని వినబడేది. అంతే తేడా.

ఈ బడి తూర్పు ఎర్రబడగానే మొదలై, గొర్రెలు విప్పే వేళకు ముగిసేది. గొర్రెల కాపర్ల ఊరది. గడ్డి మీద మంచు తడి ఆరకముందు మందను తోలితే గొర్రెలకు రోగమొస్తుంది. అందుకని పొద్దు బాగా ఎక్కేదాకా దొడ్డి కంప తీయరు. ఆ కాసేపే పిల్లలకు తీరిక. కంప తీశాక వాళ్ళు మంద వెనక గుట్టెక్కితే మళ్ళీ దిగేది మునిమాపుకే.

యేసన్న ఈ ఊరికి వచ్చిన కొత్తలో అందరు పంతుళ్ళలాగే పదింటికి గంట కొట్టాడు. ఒక కుంటి గొర్రె తప్ప ఎవరూ రాలేదు. అది కూడా అ ఆలు అడగలేదు, ఆకూ అలమూ అడిగింది. మరుసటి రోజు నుంచి ఆయన కోడితో పాటే లేచి బడి పెట్టడం మొదలుపెట్టాడు.

ఇక నల్లమ్మ సంగతి. పంచాయతీ సమితులు కొత్తగా పుట్టిన కాలం అది. ‘ఆడ మెంబరు ఒకరు ఉండాల్సిందే’ అని పైనుంచి మాట వస్తే, ఊళ్ళో అందరికంటే గొంతు పెద్దదని నల్లమ్మను మెంబరు చేశారు. మొదటి మీటింగులో ఆమె గొంతు బాగానే పనిచేసింది గానీ, చివర్లో సంతకం అన్నప్పుడు బొటనవేలు ముందుకొచ్చింది. ఇంటికొచ్చి ఆ వేలు చూసుకుంది.

“ఈ నీలం కడిగితే పోతాది. సిగ్గు కడిగితే పోతాదా?” అని మొగుడు సుంకప్పను అడిగింది.

“నన్నడిగితే ఏం తెలుస్తాది? నా వేలూ అట్లాంటిదే కదా” అన్నాడు సుంకప్ప.

మర్నాడు తెల్లారేసరికి ఆమె కంబళి కప్పుకొని పిల్లల వెనక కూర్చుంది. ముప్పై దాటిన మనిషి. ఎవరైనా నవ్వితే నవ్వినవాడి పళ్ళు లెక్కపెట్టినట్టు చూసేది, వాడు మూసుకునేవాడు. ఇప్పుడు గుణింతాల దాకా వచ్చింది. మీటింగులో ఏం రాసుకుంటున్నారో తనే చదవాలి, తన పేరు తనే రాయాలి. ఆమె కోరిక అదొక్కటే. ‘నల్ల’ దాకా వచ్చింది. మ కింద మ ఒత్తు మాత్రం మొండి పొట్టేలులాగా ఎదురు తిరుగుతోంది.

అలాంటి రోజుల్లో ఊళ్ళోకి జీపు వచ్చింది. జీపులోంచి సమితి విద్యాధికారి చిదంబరయ్య దిగాడు. పేరు చిదంబరమే గానీ ఆయన నోట రహస్యం నిలిచేది కాదు.

“నక్క తోక తొక్కారు మీరు! బొంబాయి సేఠ్ ధన్‌జీభాయ్‌గారు మీకు రాతి బడి కట్టిస్తున్నారు. మంగుళూరు పెంకులు, చెక్క తలుపులు, ఇత్తడి గంట!”

ధన్‌జీభాయ్ అంటే పేరులోనే ధనం, ఆ ధనానికే ‘జీ’ అనే మర్యాద. గుడ్డల మిల్లులున్న మనిషి, కోట్లకు పడగెత్తినవాడు. ఆయన పేర విద్యా ట్రస్టు ఒకటుంది. ప్రభుత్వానికి ఆ ట్రస్టు మీద అంత ట్రస్టు.

“ఎన్ని గొర్లుంటాయి సార్ ఆయప్పకు?” అని సుంకప్ప ముందుగా అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

“గొర్రెలు కాదయ్యా, కోట్లు! కోటీశ్వరుడు!”

“కోట్లేం జేసుకుంటాడప్పా? ఈ ఎండకు ఒకటి తొడిగినా ఎక్కువే కదా.”

ఊరంతా నవ్వింది గానీ ఊరంతా పనిలోకి దిగింది కూడా. గుట్ట రాయి తెచ్చారు, మట్టి తొక్కారు, నీళ్ళు మోశారు. చెక్కు ఇచ్చింది సేఠు, రాళ్ళు చెక్కింది ఊరు. నల్లమ్మ గంప దించకుండా పాట ఎత్తేది. బడి కప్పు మీదికి పెంకులు ఎక్కిన రోజున యేసన్న లోపలికి పోయి ‘అ’ అన్నాడు. గోడలు ‘ఆ’ అన్నాయి. కొట్టం కింద ఇన్నాళ్ళు గాలికి పాఠం చెప్పిన మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిదంబరయ్య అన్నీ చెప్పాడు గానీ ఒకటి మాత్రం దాచాడు. జీవితంలో ఆయన దాచిన రహస్యం అదొక్కటే. దాన్ని తలుపులకు రంగు వేసిన రోజున బయటపెట్టాడు.

“బడి వేళ పది నుంచి నాలుగు. ఈ కొట్టం బడి ఎత్తేస్తారు. చుట్టుపక్కల కొట్టం బళ్ళు కూడా ఎత్తేసి, పిల్లలందరినీ ఇక్కడికే పంపాలి. యేసన్నగారికి వేరే ఊరు చూస్తాం.”

నల్లమ్మ చేతిలో ఉన్న పేడ గంప అలాగే ఆగిపోయింది.

“పదింటికి పిల్లోల్లు యాడుంటారు సార్? గుట్ట మీద ఉంటారు. గుట్టను తెచ్చి బల్ల మీద కూసోబెడతారా?”

“సేఠ్‌గారు విదేశాలు చూసొచ్చారమ్మా. అక్కడ పిల్లలు పదింటికి పోయి నాలుగింటికి వస్తారు.”

“ఆడ గొర్లు ఎవురు మేపుతారు?”

“వాళ్ళకు కంచెలుంటాయి.”

“అయితే బడితో పాటు కంచె గూడా కట్టీమను సార్. గడ్డి గూడా. వాన గూడా.”

చిదంబరయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. “నా చేతిలో ఏముందమ్మా? అది సేఠ్‌గారి పథకం. బాగుందని పైవాళ్ళు జీవో ఇచ్చేశారు. తాలూకా అంతటికీ ఇదే పద్ధతి.”

“మమ్మల్ని ఎవురన్నా అడిగినారా?”

“ఊరికే ఇస్తున్నప్పుడు అడగడానికేముంది?”

అదీ సంగతి. దానం ఎవరిదో విధానం కూడా వాళ్ళదే. మధ్యలో నిదానంగా ఆలోచించాల్సిన వాళ్ళు పథకం పెట్టినాయనకు పతకం ఎక్కడ తగిలించాలా అని చూస్తున్నారు. పాపం సేఠు చెడ్డవాడేం కాదు. బొంబాయిలో కూర్చుని మందలపల్లెకు మంచి చేద్దామనుకున్నాడు. మందలపల్లె ఎప్పుడు నిద్ర లేస్తుందో ఆయనకెవరూ చెప్పలేదు.

నల్లమ్మ నేరుగా యేసన్న దగ్గరికి పోయింది.

“అయ్యవారా, నువ్వు పోతే నా మ ఒత్తు గతేమి?”

“ఇంకో అయ్యవారు వస్తాడు కదమ్మా.”

“ఆయప్ప పదింటికి వస్తాడు. పదింటికి నేను గొర్ల ఎనక పోతాంటా. సగం పేరుతో సచ్చిపోవాల్నా నేను? నల్ల అంటే ఎవురనుకుంటారు, గొర్రె అనుకోరా?”

యేసన్న పలకలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రమే బీరప్ప గుడి ముందర రచ్చ జరిగింది. బయ్యన్న అని, ఉలవ చేను ఉన్న ఆసామి. కిందటి నెలలో మొక్కు తీర్చుకోవడానికి బీరప్ప దేవరకు పొట్టేలును విడిచాడు. ఆ పొట్టేలు ఊరంతా తిరిగి తిరిగి, చివరికి బయ్యన్న ఉలవ చేనులోనే దిగింది. బయ్యన్న దాని కొమ్ములు పట్టుకొని ఈడ్చుకొచ్చాడు.

“పూజారీ, దీన్ని కట్టేస్తాండా. నా పొట్టేలు నా చేనే తింటాంది!”

పూజారి వీరప్ప ముసలివాడు. కూర్చున్నచోటు నుంచి లేవలేదు. “నీ పొట్టేలా? దేవర ముందర దాని మెడలో పలుపు కోసింది ఎవురప్పా?”

“నేనే.”

“విడిచినావా అని మూడు తూర్లు అడిగితే విడిచినా అని చెప్పింది ఎవురు?”

“నేనే. అయితే మాత్రం...”

“అయితే ఇంగ నీదెట్లయితాది? పలుపు కోసినాక అది యాడ మేస్తాదో, యాడ పండుకుంటాదో చెప్పే హక్కు నీకు ల్యా. ఇచ్చినోడు తాడు చేతిలో పెట్టుకుంటే అది ఇచ్చినట్టా? మేపను పంపించినట్టు.”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. బయ్యన్న కొమ్ములు వదిలేశాడు. పొట్టేలు మళ్ళీ ఉలవల వైపే పోయింది.

నల్లమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు దోపి పరుగెత్తింది. చిదంబరయ్య జీపెక్కబోతున్నాడు.

“సార్, సార్! సేఠు ఈడికి వస్తాడా?”

“ఆదివారం స్వయంగా వస్తున్నారు.”

“వచ్చి కోస్తాడా?”

“కోయకేం! తలుపుకు అడ్డంగా కడతాం, కత్తెరతో కోస్తారు. కోస్తేనే కదా బడి మొదలు.”

“అందరి ముందరా?”

“పెద్దపెద్దవాళ్ళందరి ముందరా. ఎందుకమ్మా?”

నల్లమ్మ మొహం పున్నమి అయిపోయింది. “ఈ మాట ముందే చెప్పుంటే మా కడుపులో పాలు పోసినట్టుండేది కద సార్! సేఠు మంచి మడిసి. పద్ధతి తెల్సినోడు.”

పొద్దున తిట్టిన మనిషి సాయంత్రానికి మెచ్చుకుంటే ఏ అధికారి మాత్రం కారణం అడుగుతాడు? చిదంబరయ్య జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో మాట పాకిపోయింది. సేఠు పలుపు కోస్తాడట! బడి విడిచేస్తాడట! బొంబాయిలో కూడా బీరప్ప పద్ధతే ఉందట! ఆడవాళ్ళందరూ కదుర్లు తీశారు. నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి వడికి, పేని, పసుపు పూసి వేలెడు లావు పలుపు తయారుచేశారు. ఆదివారం చిదంబరయ్య ఎర్ర పట్టు రిబ్బను తెచ్చేసరికి తలుపుకు అప్పటికే పలుపు కట్టి ఉంది.

“ఇదేమిటమ్మా?”

“మాదే సార్. ఆ పీలిక యాడ ఆగుతాది? ఉఫ్ అంటే తెగుతాది. దాన్ని ఎవురికన్నా జడకు పెట్టు.”

కాదనడానికి వ్యవధి లేదు. కారు వచ్చేసింది. సేఠ్ ధన్‌జీభాయ్ దిగాడు. తెల్ల కోటు, పెద్ద పాగా, చిన్న కళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఆదోనికి పత్తి కొనడానికి వచ్చిపోయిన మనిషి, అందుకని ముక్కలు ముక్కలుగా తెలుగు కూడా వచ్చు. మీసాల మీద నవ్వు పెట్టుకొని తలుపు దాకా వచ్చి, పలుపు చూసి ఆగిపోయాడు. గుడ్డల వ్యాపారి కదా, చెయ్యి ఊరుకోలేదు. రెండు వేళ్ళతో పేట విప్పి చూశాడు.

“ఎవరు వడికినారు ఇది? బహుత్ అచ్ఛా! గట్టి!”

“మేమే సామీ. నువ్వు కోయల్ల కదా, దానికి తగినట్టుండల్ల.”

కత్తెరకు పలుపు లొంగలేదు. పూజారి వీరప్ప కొడవలి అందించాడు. సేఠుకు సరదా పుట్టి కొడవలి తీసుకున్నాడు. తనకు తెలిసిన సభలన్నిటిలోకీ ఇదే కొత్తగా ఉందనుకున్నాడు. కొడవలితో పేట పేటగా కోసి పలుపు తెంచాడు.

వీరప్ప ఆయన చెయ్యి పట్టుకొని అడిగాడు. “విడిచినావా?”

సేఠు చిదంబరయ్య వైపు చూశాడు. చిదంబరయ్య ‘అనండి, ఏదో వీళ్ళ ఆచారం’ అన్నట్టు తలూపాడు.

“విడిచినా!” అన్నాడు సేఠు.

“విడిచినావా?”

“విడిచినా!”

“విడిచినావా?”

“విడిచినా, విడిచినా!” మూడుసార్లకు నాలుగు అన్నాడు, ధారాళమైన మనిషి.

డోళ్ళు మోగాయి. పసుపు ఎగిరింది. సుంకప్ప తన కంబళి తీసి సేఠు భుజాల మీద కప్పాడు. ఆ తరవాత సేఠు క్రమశిక్షణ గురించీ, పది నుంచి నాలుగు గురించీ చాలాసేపు మాట్లాడాడు. ఊరు మర్యాదగా చప్పట్లు కొట్టింది. కోసేసినాక ఆయన ఏం చెబితే ఏం?

కారు తిరుగుప్రయాణానికి మొరాయించడంతో పెద్దమనుషులు జీపులో పోయారు. జీపు కుదుపులు తనవల్ల కాదని సేఠు కారు బాగయ్యేదాకా ఆగిపోయాడు, ఆయనకు తోడుగా చిదంబరయ్యా ఆగాడు. మంచి వసతి ఎక్కడుంది? కొత్త బడే. సేఠుకు మడత మంచం పెద్ద గదిలో వేశారు. అలసిన మనిషి సుంకప్ప కంబళి ముసుగుతన్ని పడుకున్నాడు.

తూర్పు ఎర్రబడింది. యేసన్న ఇత్తడి గంట కొట్టాడు. ఊరు విడిపించుకున్న బడిలోకి పిల్లలు పలకలతో చొరబడ్డారు. మంచం మీద ఏదో కంబళి మూట ఉందనుకొని దాని చుట్టూ కూర్చున్నారు. వెనక నల్లమ్మ కూర్చుంది.

“మ, మా, మి, మీ!”

గోడలు రెట్టింపుగా అరిచాయి. కంబళి మూట ఎగిరి కూర్చుంది. సేఠు కళ్ళు తెరిస్తే చుట్టూ కంబళ్ళే.

“గొర్రెలు! చిదంబర్! లోపలికి గొర్రెలు వచ్చినాయ్!”

చిదంబరయ్య నోట్లో వేపపుల్లతో పరుగెత్తుకొచ్చాడు. చూసి, పుల్ల మింగినంత పని చేశాడు.

“యేసన్నా! నీకు మతి పోయిందా? పదింటికి కదయ్యా బడి! లేవండి, లేవండి అందరూ!”

ఎవరూ లేవలేదు. నల్లమ్మ మాత్రం లేచింది.

“పదింటికి ఎందుకు సార్? ఇప్పుడిది మా బడి. మా పొద్దుకే నడుస్తాది.”

సేఠు పాగా వెతుక్కొని నెత్తిన పెట్టుకున్నాడు. పాగా పెట్టగానే గొంతులోకి మిల్లు యజమాని వచ్చాడు. “ఎవరు చెప్పినారు మీ బడి అని? కట్టించిన దుడ్లు నావి!”

“నీవే సామీ” అంది నల్లమ్మ, “నిన్నటి దాకా.”

“నిన్న ఏమైంది?”

“పలుపు కోస్తివి కదా. పూజారి తాత మూడు తూర్లు అడిగితే నాలుగు తూర్లు విడిచినా అంటివి. ఊరంతా ఇనింది. ఇప్పుడు మళ్ళా దుడ్లు నావి అంటే ఎట్ల?”

సేఠుకు మొదట అర్థం కాలేదు. నల్లమ్మ పొట్టేలు సంగతీ, బయ్యన్న ఉలవ చేను సంగతీ చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన చిన్న కళ్ళు పెద్దవయ్యాయి.

“అరే, అది రిబ్బన్ కోయడం! అన్ని ఊర్లలో కోస్తాను నేను. దానికి అర్థం ఏమీ లేదు!”

నల్లమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆమె మొహంలో వెటకారం రవ్వంత కూడా లేదు.

“అర్థమేం ల్యా? మరి ఏ అర్థమూ లేకుండా కత్తెర పట్టుకోని ఊర్లెంబడి ఎందుకు తిరుగుతాండావు సామీ?”

చిదంబరయ్య వేపపుల్ల కిందపడింది. యేసన్న తలుపుకున్న గడియ వైపు చూశాడు. సేఠు కోపగించుకుంటే బడికి తాళం పడుతుంది, కొట్టం కూడా పోతుంది. నల్లమ్మకూ ఆ సంగతి తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు. తగ్గించడం ఆమెకు చేతకాదు కూడా.

“నీ బడి బాగుండాది సామీ. ఇంత చల్లగా, గట్టిగా మా తాతలు గూడా చూడలేదు. పదింటికి తెరిస్తే దీంట్లో ఈగలు సదువుకుంటాయి. ఈ పొద్దుకు తెరిస్తే మేము సదువుకుంటాం. రెండిట్లో నీకేది కావల్ల?”

సేఠు చుట్టూ చూశాడు. కంబళ్ళలోంచి కళ్ళు, చేతుల్లో పలకలు, నోళ్ళలోంచి పొగలాగా చలి ఊపిరి. పదింటి బళ్ళు ఆయన చాలా కట్టించాడు. వాటిని ఖాళీగా తెరిచాడు, ఉపన్యాసమిచ్చాడు, కారెక్కాడు. పిల్లలు చదువుతున్న బడిని లోపలి నుంచి చూడటం ఇదే మొదలు. అదీ మంచం మీద నుంచి.

ముందు ఆయన పొట్ట కదిలింది, తరవాత మీసాలు కదిలాయి. ఆ పైన మంచం కిర్రుమనేలా నవ్వాడు.

“కోసినాను కదా! కోసినాను. విడిచినాను. చిదంబర్, రాస్కో. బడి వీళ్ళది, టైమ్ వీళ్ళది, పంతులు కూడా ఈయనే.”

పిల్లల అరుపుకు పెంకుల మీద పిచ్చుకలు లేచిపోయాయి.

చిదంబరయ్య చేతులు కట్టుకున్నాడు. “నేను మొదట్నుంచీ అదే అనుకుంటున్నానండీ! పైవాళ్ళతో చెప్పి తాలూకా అంతటికీ తెల్లవారుజాము బడే పెట్టించేస్తాను. తమరి పేర కొత్త పథకం!”

పథకం పుట్టడానికి దాతగారు తలూపితే చాలు. పోవడానికీ అంతే. నల్లమ్మకు మాత్రం నవ్వుతూనే ఒళ్ళు మండింది.

“మళ్ళా అదే పనా సార్? మాకు పొద్దున కావల్లంటే అందరికీ పొద్దునేనా? మగ్గాల ఊరికి మాపటేళ బాగుంటాదేమో. కూలోల్ల ఊరికి ఇంగోటి. పోయి ఆ ఊర్లోల్లను అడుగు. సేఠును అడిగితే ఆయప్పకేం తెలుస్తాది, పాపం?”

“అవును, నాకేం తెలుస్తుంది, పాపం” అన్నాడు సేఠు, చాలా సంతోషంగా. “ఊరు ఊరుకీ పోయి అడగండి. ముందు అడగండి, తర్వాత నేను దుడ్లు ఇస్తాను.”

చిదంబరయ్య మొహంలో మొదటిసారి దిగులు కనబడింది. ఊరూరికీ పోయి అడగడమంటే జీపుకు పని కాదు, చెవులకు పని.

సేఠు మంచం దిగి, పిల్లల మధ్య నేల మీద చతికిలబడి, “నాకీ ఒక పలక” అన్నాడు. పత్తి కొనడానికి నేర్చుకున్న తెలుగు నోటికే ఉంది, చేతికి లేదు. యేసన్న ఆయన పేరులో మొదటి అక్షరం రాసిచ్చాడు. సేఠు నాలుక బయటపెట్టి, మిల్లులు నడిపిన చేత్తో వంకరగా దిద్దాడు. నల్లమ్మ మెడ చాచి చూసింది.

“కింద ఒత్తు పెట్టినావు, సరే. పైన తలకట్టు యాడ? నీ నెత్తిన ఇంత పెద్ద తలకట్టు పెట్టుకుంటివి, పాపం దానికి పెట్టకపోతివే!”

సేఠు నవ్వుతూ ‘ధ’కు తలకట్టు పెట్టాడు. ‘న’ మొదలుపెట్టాడు. అంతలో పొద్దు పైకెక్కింది. గడ్డి మీద మెరుపు తగ్గింది. దొడ్డిలో గొర్రెలు గోల మొదలుపెట్టాయి. పిల్లలు పలకలు బోర్లించి, కంబళ్ళు భుజాన వేసుకొని గుమ్మం దాటేశారు. అందరికంటే ముందు నల్లమ్మ దాటింది.

“ఏయ్, ఆగండి! ఇంకొక అక్షరం ఉంది నాది!”

యేసన్న బలపం పట్టిన చెయ్యి తుడుచుకున్నాడు. “బడి అయిపోయిందండీ.”

సేఠు చిదంబరయ్య వైపు చూశాడు. చిదంబరయ్య మంగుళూరు పెంకుల వైపు చూశాడు. సేఠు పలక పట్టుకొని గుమ్మంలోకి వచ్చాడు. దొడ్డి కంప తీసిన దుమ్ములో మంద బాట పట్టింది.

“నల్లమ్మా! రేపు ఎన్ని గంటలకి?”

దుమ్ములోంచి ఊళ్ళోకెల్లా పెద్ద గొంతు వినిపించింది.

“గంటలు నాకేం తెలుసు సామీ? కోడి కూస్తే లేచి రా!”